రైలు కట్ట మీద ముందు సీటు

మా ఆయన ఉద్యోగమంతా ఈ మలాయ్ దేశంలో క్లాంగ్ రేవులో కంటైనర్ లారీ నడపడంతోనే గడిచింది. ఇంట్లోకి కారు వచ్చాక దాని స్టీరింగ్ కూడా ఆయనదే అయింది. నాకు లైసెన్సు ఉంది, బాగా నడుపుతాను కూడా. అయినా ఆయన పక్కనుంటే తాళంచెవి నా చేతికి వచ్చేది కాదు. ఆ తరువాత షుగరు ఆయన కళ్లను తినేసింది. చూపు పూర్తిగా పోయింది. అప్పటి నుంచి కారు నేను నడుపుతుంటే, ఆయన పక్క సీట్లో చేతులు కట్టుకుని బిగుసుకుపోయి కూర్చునేవారు.

దారిలో ఏదైనా బాగుందని చెప్పబోతే విసుక్కునేవారు. "సూడలేనోడికి సెప్పి ఏటి లాభం? ఊరుకో." నేనూ చెప్పడం మానేశాను.

మొన్న సెలవుల్లో బాగన్ దాతుక్ దగ్గరున్న మా బావగారింటికి వెళ్లాం. మా ఆయన పుట్టి పెరిగింది అక్కడి కొబ్బరి ఎస్టేటులోనే. దారిలో ఒక పాత రైలు కట్ట తగులుతుంది. రైళ్లు ఆగిపోయి, పట్టాలు పీకేసి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ కట్టను చదును చేసి సైకిల్ బాటగా మార్చారు. రెండు వైపులా తోటలూ పొలాలే, కార్లు రావు. బాట మొదట్లో ఒక మలాయ్ ఆవిడ సైకిళ్లు అద్దెకిస్తోంది. ఆమె కొట్టు ముందు రెండు సీట్ల సైకిల్ ఒకటి కనిపించగానే నేను కారు ఆపేశాను.

"దిగండి. సైకిల్ తొక్కుదాం."

"ఎవులు? నానా?"

"ఇద్దరం. ముందు నాను, ఎనక మీరు."

"నీకు పిచ్చేటే? కాలవలో పడతాం."

"పడితే లేద్దాం."

నాకు భయం లేదు. మా నాన్న పెద్ద సైకిల్‌ని అడ్డకడ్డీ కిందుగా కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నదాన్ని. రబ్బరు తోటలో వేర్ల మీద, వాన బురదలో, వెనక చెల్లెల్ని కూర్చోబెట్టుకుని బడికి వెళ్లినదాన్ని. చదునైన బాట నన్నేం చేస్తుంది?

అంకుల్ తొక్కగలరా అని మలాయ్ ఆవిడ నన్ను మెల్లగా అడిగింది. ఆయన కాళ్లకేమీ కాలేదని చెప్పాను. ఆవిడ నవ్వి వెనక సీటు దించింది. మా ఆయన సైకిల్‌ని తడుముతూ చుట్టూ తిరిగి, లారీ టైర్లు తన్ని చూసినట్టే రెండు టైర్లనూ తన్ని చూశారు. ఒప్పుకున్నారని నాకు అర్థమైంది.

ఎక్కీ ఎక్కగానే పడ్డాం. నేనింకా కాలు నేల మీద నుంచి తీయకముందే ఆయన తొక్కేశారు. సైకిల్ వంకర తిరిగి ఇద్దరినీ గడ్డిలో పడేసింది.

"సెప్పినానా నేదా?" అన్నారు పడుకునే.

"నాకన్నా ముందు మీరు తొక్కితే పడమా మరి? నాను ఊఁ అన్నాక తొక్కండి."

రెండోసారి సైకిల్ తిన్నగా కదిలింది. కొంత దూరం పోయాక వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఈ హ్యాండిల్ తిరగదేటి?"

"తిరగదు. అది పట్టుకోడానికే."

"బ్రేకు?"

"అదీ నా కాడే ఉన్నాది."

"మరి నాకేటి ఉన్నాది?"

"పెడళ్లు."

గట్టిగా తొక్కడం మొదలెట్టారు. కోపం మొత్తం కాళ్లలోకి దిగినట్టుంది. సైకిల్ పరుగందుకుంది. నాకు భలే హాయిగా అనిపించింది. పామాయిల్ చెట్ల నీడలు దాటి ఎండలోకి, మళ్లీ నీడలోకి దూసుకుపోయాం.

ఉన్నట్టుండి ఆయన ముక్కెగబీల్చి అరిచారు. "కొబ్బరి తోట వచ్చీసినాది! వాసన తెలీదేటి నాకు? మా నాయన కాయలు వొలిచిన జాగా ఇదే."

నేను అటు చూశాను. అక్కడ ఒక్క కొబ్బరి చెట్టూ లేదు. వరుసగా సిమెంటు స్తంభాలు, వాటి మీద నుంచి వేలాడుతున్న డ్రాగన్ ఫ్రూట్ మొక్కలు. వాటి మొదళ్లలో కొబ్బరి పీచు పరిచారు. వాసన దానిది. అవునంటే ఆయన మురిసిపోతారు. కానీ ఆయనకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"కొబ్బరి తోట ఇప్పుడు నేదండి. డ్రాగన్ ఫ్రూట్ ఏసినారు. పీచు మాత్రం కింద పరిసినారు."

విసుక్కుంటారనుకున్నాను. పెడళ్లు ఆగిపోయాయి. నేనొక్కదాన్నే ఇద్దరి బరువూ లాక్కుంటూ పోతున్నాను.

"ఆ పండు తిన్నాను గానీ," అన్నారు చాలాసేపటికి, "సెట్టెప్పుడూ సూడనేదు. ఎలగుంటాది?"

చూపు పోయాక ఆయన అలా అడగడం అదే మొదటిసారి. నేను ఆ మొక్కల వైపు మళ్లీ చూశాను.

"సెట్టు కాదండి, జెముడు లాంటిది. తల నిండా జడలేసుకుని ఇరబోసుకున్నట్టు ఉన్నాది. పచ్చగా."

"ఏ పచ్చ? మీ సెల్లి పెళ్లి సీర పచ్చా?"

"కాదు. పచ్చి అరిటికాయ పచ్చ."

"ఊఁ," అన్నారు. పెడళ్లు మళ్లీ కదిలాయి.

ఇక ఆ తరువాత నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. అటు ఏటి, ఇటు ఏటి, ఆ చప్పుడు ఏటి, ఆకాశం ఎలగున్నాది. చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది. ఒక మలుపు దాటేసరికి బాటకి అడ్డంగా ఆవుల మంద పడుకుని ఉంది. బ్రేకు నొక్కాను.

"ఆవులు. కదిలేలా నేవు. దిగి తోలుతాను."

"నువ్వుండు లా," అన్నారు ఇక్కడి మలాయ్ వాళ్ల యాసలో. రొమ్ము నిండా గాలి పీల్చి, నోటితో లారీ హారన్ మోగించారు. రేవు దాకా వినిపించేంత గట్టిగా. నేనే అదిరిపోయాను. మంద మొత్తం లేచి చెట్ల కిందికి ఉరికింది.

"ఎల్లినాయా?"

"ఎల్లినాయి. ఒక దూడ మాత్రం మిమ్మల్నే సూస్తన్నాది."

"ఏ రంగు?"

"బెల్లం రంగు."

ఆయన పడీపడీ నవ్వారు. ఆ నవ్వుకి సైకిల్ ఊగిపోతుంటే నేను హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను.

బాట చివర దాకా వెళ్లి, బొండాం నీళ్లు తాగి, వెనక్కి తొక్కుకుంటూ వచ్చాం. మలాయ్ ఆవిడ మా బట్టల మీద గడ్డి మరకలు చూసి ఏమీ అడగలేదు. ఆ రాత్రి మా ఇద్దరికీ తొడలు పట్టేశాయి.

ఒక చిక్కు మాత్రం వచ్చి పడింది. అడగడం మొదలెట్టిన మనిషి ఇక ఆపడం లేదు. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా, అందరూ కళ్లు మూసుకున్న సమయంలో, నా చెవిలో అనుకుని అందరికీ వినపడేలా అడిగారు. "ముందు వరసలో ఆ సెంటు కొట్టుకున్నావిడ ఎవులే? ఏ సీర కట్టినాది?"

గిల్లాను. ఇంటికెళ్లాక చెబుతానన్నాను. కారు ఎక్కగానే మొత్తం చెప్పాను, అంచు రంగుతో సహా.