బ్రేకు మీద కాలు

ఆ శనివారం పొద్దున రాహేలుకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! రేపల్లె నుంచి తెనాలి దాకా బండి నడిపింది తను. నబీ సాహెబ్ షెడ్డు ముందు ఆపి దిగింది తను. బ్రేకు తొక్కితే పెడలు వణుకుతోందని చెప్పిందీ తనే. మెకానిక్కు నబీ సాహెబ్ మాత్రం, పక్క సీట్లోంచి దిగిన ఆమె భర్త పౌలు వైపు తిరిగి, "ఏంటి సార్ ప్రాబ్లం?" అని అడిగాడు.

ఆ సారుకి స్టీరింగు పట్టుకుంటే చెమటలు పోస్తాయి. ఆఫీసులో ఎన్ని ఫైళ్ళైనా చక్కబెడతాడు గానీ, క్లచ్చేదో బ్రేకేదో ఇప్పటికీ తెలియదు. రెండువేల ఏడులో ఈ సెకండ్‌హ్యాండు కారు కొన్నది రాహేలు ధైర్యం చూసుకునే. ఆమె తండ్రి కృపారావు బాపట్లలో ఒక ఆసుపత్రి జీపు ముప్ఫై ఏళ్ళు నడిపాడు. పెళ్ళికి ముందే కూతుర్ని సూర్యలంక రోడ్డు మీదకు తీసుకెళ్ళి, "బండికి ఏమొచ్చినా ముందు నీ కాలికి తెలియాలమ్మా" అంటూ నేర్పాడు. ఇప్పుడామె చెరుకుపల్లిలో టీచరు. కూతురు ఏంజెల్ కూడా అక్కడే నాలుగో క్లాసు. రోజూ తల్లీకూతుళ్ళు కార్లోనే వెళ్ళొస్తారు.

పదకొండు రోజుల క్రితం బ్రేకులు కీచుమంటుంటే ఇదే షెడ్డుకు వచ్చారు. నబీ సాహెబ్ ముందు చక్రాలకు కొత్త ప్యాడ్లు వేసి, చేతులు తుడుచుకుంటూ సారుకు ఒక ముక్క చెప్పాడు. "ఆడోళ్ళు బ్రేకు మీద కాలు పెట్టుకునే నడుపుతారు సార్. అందుకే ఇంత తొందరగా అరిగినయ్." పౌలు పెద్ద తెలిసినవాడిలా తలాడించాడు. పెడలు వణుకుతోందని కూడా చెప్పిన రాహేలు పక్కనే ఉంది. ఆమెను అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

ప్యాడ్లు మారినా వణుకు పోలేదు. పైగా గట్టిగా తొక్కితే బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. పౌలుకు చెప్పింది. "కాలు తీసి నడుపు" అన్నాడు. మళ్ళీ చెప్పింది. అదే మాట. మంగళవారం నాడు చెరుకుపల్లి దారిలో గేదెలు అడ్డొస్తే బ్రేకు తొక్కింది. కారు ఎడమకు కొట్టుకుపోయి కాలవ గట్టు అంచున ఆగింది. వెనక సీట్లో ఏంజెల్ పుస్తకాల సంచితో సహా కింద పడింది. ఆ సాయంత్రమే పౌలు తేల్చేశాడు. "నీవల్ల కాదు గానీ, సోమవారం నుంచి వరప్రసాదం అని డ్రైవర్ వస్తాడు. మాట్లాడేశాను."

అంటే ఇక ఆ సీటు ఆమెది కాదు. నాన్న నేర్పిన పని, తనకంటూ ఉన్న ఒకే ఒక్క స్వేచ్ఛ, ఎవరో అన్న ఒక్క మాటతో పోయేలా ఉంది. ఆఖరుసారి షెడ్డులో చూపిద్దామని ఆమే పట్టుబట్టి భర్తను లాక్కొచ్చింది.

"కొత్త ప్యాడ్లు కదా సార్, కుదురుకోవాలి" అన్నాడు నబీ సాహెబ్. "డ్రైవర్ని పెట్టుకుంటే ఇంక బాధే ఉండదు."

రాహేలు కారు తలుపు తెరిచింది. "సాహెబ్ గారూ, ముందు సీట్లో కూర్చోండి. మీరు వెనకెక్కండి" అంది భర్తతో. ఆ గొంతు విని ఇద్దరూ గబగబా ఎక్కారు.

వేమూరు రోడ్డెక్కాక, "రోడ్డు చూడొద్దు, నా కాలు చూడండి" అంది. నబీ సాహెబ్ వంగి చూశాడు. రెండు కిలోమీటర్లు పోయినా ఆ కాలు బ్రేకు దరిదాపులకు రాలేదు. ముందూ వెనకా ఎవరూ లేని చోట చూసి మెల్లగా తొక్కింది. పెడలుతో పాటు స్టీరింగూ గజగజలాడింది. తర్వాత గట్టిగా తొక్కింది. కారు ఎడమకు గుంజుకుంటూ పోయి మట్టిలో ఆగింది. నబీ సాహెబ్ రెండు చేతులూ డ్యాష్‌బోర్డుకు ఆనించి "యా అల్లా!" అన్నాడు. వెనక పౌలు నుదురు ముందు సీటుకు టప్పున కొట్టుకుంది.

షెడ్డుకొచ్చి చక్రాలు విప్పితే నిజం బయటపడింది. ప్యాడ్లు పట్టుకునే డిస్కులు రెండూ గాట్లుపడి, అంచులు గట్టులా లేచి, బాగా పలచబడి ఉన్నాయి. నబీ సాహెబ్ గోరుతో గీరి చూసి తలదించుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. మీరు వణుకు అన్నప్పుడే డిస్కు చూడాల్సింది."

"లేతు మిషను మీద నున్నగా చేయిస్తే సరిపోదా?" అన్నాడు పౌలు నుదురు రుద్దుకుంటూ.

"అరిగి పలచబడ్డదాన్ని ఇంకా అరగదీస్తారా? రెండు వైపులా కొత్త డిస్కులు పడాలి" అంది రాహేలు.

"పోనీ ప్యాడ్లు కొత్తవేగా, అవి ఉంచుదాం."

"గాట్ల మీద అరిగిన ప్యాడ్లు కొత్త డిస్కుకు ఎలా ఆనతాయండీ? అవీ మార్చాల్సిందే."

"అమ్మగారు చెప్పిందే కరెక్టు సార్" అన్నాడు నబీ సాహెబ్.

స్పేర్ పార్టుల షాపుకు ఆమే వెళ్ళింది. "సారు రాలేదామ్మా?" అన్నాడు షాపాయన, పేరూ ఊరూ లేని ప్యాడ్ల డబ్బా ముందుకు తోస్తూ. "సారుకి బండి రాదు" అని, ఆ డబ్బా వెనక్కి నెట్టి, తన కారు మోడలు అచ్చేసి ఉన్న డిస్కుల జత, ప్యాడ్ల సెట్టు తీయించి పట్టుకొచ్చింది.

ఆమె తిరిగొచ్చేసరికి పౌలు సెల్లులో వరప్రసాదానికి రావద్దని చెబుతున్నాడు. ఫోను పెట్టేసి, కాస్త మెత్తగా అన్నాడు. "ఇంత ఘోరంగా ఉందని నాకు గట్టిగా చెప్పొచ్చుగా రాహేలూ?"

అప్పటిదాకా అణచిపెట్టిన కోపమంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. చేతిలో డబ్బాలు బల్ల మీద ధడేల్మని పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపుతో కాదు, ఒట్టి కోపంతో.

"చెప్పలేదా? అన్నం పెడుతూ చెప్పాను. ఆఫీసుకెళ్తుంటే చెప్పాను. కాలవ గట్టు దాకా పోయొచ్చిన రోజు వణుకుతూ చెప్పాను. మీరు సాహెబ్ గారి మాట విన్నారు, ఇప్పుడు సీటు తగిలితే ఆ సీటు మాటా విన్నారు. ఈ పదకొండు రోజులూ ఆ బ్రేకుల మీద నా వెనక కూర్చుని బడికెళ్ళింది మీ కూతురండీ!"

పౌలు బల్ల మీది డబ్బాలు తీసుకుని ఒక్కొక్కటే విప్పసాగాడు. నబీ సాహెబ్ పానా అందుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు.