బజారంతటికీ ఒకే హౌజు: మా అమ్మమ్మ శరణమ్మ

మా అమ్మమ్మ శరణమ్మ లింగైక్యం చెందిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. హైదరాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. చుట్టాల గ్రూపులో ఆమె ఫోటో, కింద నాలుగు మాటలు. ఫోటో చూసి బస్సు వదిలేశాను. మాటలు చదివి ఒళ్లు మండింది. "అన్నపూర్ణ, సాధ్వీమణి, మృదుభాషిణి" అని పెట్టాడు అమ్మమ్మ చెల్లెలి కొడుకు, మా మామయ్య. మృదుభాషిణా! జహీరాబాద్ బజారులో ఆమె నోటికి జడిసి దారి మార్చుకున్న సేట్లు ఇంకా ఒకరిద్దరు బతికే ఉన్నారు, వెళ్లి అడగండి. అంతకన్నా ఘోరం, ఆమె చేసిన అసలు పని ఊసే అందులో లేదు. ఫోన్ చేసి నిలదీస్తే, "చావింట్ల పాయఖానా ముచ్చటేందే? జర ఇజ్జత్ చూస్కో" అన్నాడు. ఇజ్జత్ చూసుకునే ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో, బొంబాయి రోడ్డు పక్క బజారులో, ఆమెది చిన్న ఖానావళి. జొన్నరొట్టె, పప్పు, పుంటికూర, వెల్లుల్లి కారం. లారీ డ్రైవర్లు, కోహీర్ నుంచీ మొగుడంపల్లి నుంచీ పని మీద వచ్చే రైతులు అక్కడే తినేవాళ్లు. తాత అప్పటికే పోయాడు. చంకలో మా అమ్మ. ఆ పొయ్యి వెలిగితేనే ఇద్దరి కడుపు నిండేది.

దుకాణాల వెనక సన్నటి గల్లీ. అన్ని దుకాణాల పాయఖానాలూ ఆ గల్లీలోకే. తట్టలో ఎత్తి నెత్తిన మోసుకుపోయే మనిషి లచ్చవ్వ. మిగతా వీధులు ముగించుకుని ఆ గల్లీకి వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. తినేవాళ్లు పళ్లేల మీద తువ్వాలు కప్పుకునేవాళ్లు. ఒకరోజు బట్టల సేటు విసుక్కున్నాడు.

"శరణమ్మా, ఆమెను పొద్దుగాల్నే రమ్మని చెప్పరాదు?"

గల్లీలోంచి లచ్చవ్వే జవాబిచ్చింది. "పొద్దుగాల్నే వస్త సేటూ. మీరింక లేవనే లేవరు గద, ఏం ఎత్తుకపోవాలె?"

అమ్మమ్మ పగలబడి నవ్విందట. నవ్వి, పొయ్యి ముందు కూర్చుని, ఇక నవ్వలేకపోయిందట. మర్నాటి నుంచి దుకాణం దుకాణం తిరగడం మొదలుపెట్టింది. "ఆమె వచ్చే టైము కాదు, మనం పోయే పద్ధతి మారాలె."

రోడ్డు పని మీద వచ్చిన ఓవర్‌సీర్ ఒకాయన నమూనా గీసిచ్చాడు. భూమిలో ఒక పెద్ద హౌజు, అంటే సెప్టిక్ ట్యాంకు, కట్టాలి. అన్ని దుకాణాల నుంచీ పైపులు దానికే కలపాలి. ఎవరి నెత్తినా ఏదీ ఎక్కదు. అందరూ భేష్ అన్నారు. ఎక్కడ తవ్వాలనేసరికి అందరికీ సాకులు దొరికాయి. ఒకాయనకు గోడవతల దేవుడి గది ఉంది, ఒకాయన గోదాముకు వాస్తు కుదరదు.

"నా పెరట్ల తవ్వుండ్రి" అంది శరణమ్మ.

"పిచ్చి లేసిందా? పెంట హౌజు పక్కన నీ రొట్టె ఎవడు తింటడే?" అన్నారు సేట్లు.

"ఆకలైనోడు తింటడు."

నేను ఒకసారి ఫోన్ రికార్డింగ్ పెట్టి, భయం వేయలేదా అని అమ్మమ్మను అడిగాను. "ఎందుకు గాదు? ఖానావళి మూత పడితె బిడ్డకేం పెట్టాలె అని మస్తు భయమైంది. భయమైతె తవ్వొద్దా?" అంది. అదీ ఆమె మృదుభాషణం.

గొయ్యి తవ్వుతుంటే బట్టల సేటుకు ఇంకో ఫికర్ పట్టుకుంది. "అందరిదీ ఒక్కదాంట్లనే కలుస్తదా? మాది, వాళ్లది, అన్నీ?"

"నోట్ల పోయేటప్పుడు వేరే వేరే గిన్నెలు పెట్టుకున్నరు, మంచిది. బయటికొచ్చినంక గూడ కులముంటదా సేటూ?" అంది అమ్మమ్మ.

మేస్త్రీ అబ్దుల్ చాచా హౌజు నడుమ అడ్డగోడ లేపుతుంటే చూసి సేటు కుదుటపడ్డాడు. అవతల సగం వాళ్లకు, ఇవతల సగం తమకు అనుకున్నాడు పాపం. అట్లాంటి హౌజుకు గోడ ఉండాల్సిందేనని, ఆ గోడకు అటుది ఇటు పారే కన్నం కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. "చెప్పకు బహెన్," అన్నాడు చాచా అమ్మమ్మతో, "పైపులు పడనీ."

పైపులు పడ్డాయి. లచ్చవ్వ తట్ట కాల్చేసి అల్లం చేన్లలో పనికి కుదిరింది. కానీ కలిసిపోతోందన్న అనుమానం మాత్రం జనం మనసుల్లోంచి పోలేదు. ఫినాయిల్ పొయ్యొద్దు, మురుగును తినే సన్నపురుగులు చస్తాయి అని ఓవర్‌సీర్ మరీ మరీ చెప్పి వెళ్లాడు. వీళ్లు వింటారా? ఎవరికి వాళ్లు తమ పాయఖానాలో శుద్ధి కోసం బకెట్ల కొద్దీ ఫినాయిల్ గుమ్మరించారు. ఎండాకాలానికి పెరడంతా కంపు. ఖానావళిలో పళ్లేలు బోర్లించిన చోటే ఉండిపోయాయి. సేట్లు కూడబలుక్కుని, హౌజు పూడ్చేద్దాం, లచ్చవ్వను పిలుద్దాం అన్నారు. లచ్చవ్వ రానంది. "నాకిప్పుడు అల్లం వాసన అలవాటైంది. మీది మీరే ఎత్తుకోండ్రి."

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం శరణమ్మ పళ్లెంలో రెండు రొట్టెలు వేసుకుని వెళ్లి హౌజు బండ మీద కూర్చుంది. గల్లీ అంతా చూస్తుండగా తినడం మొదలుపెట్టింది.

"వాసన మీకంటె ముందు నాకే కొడ్తది గద. మీరు ఫినాయిల్ బంద్ చేసేదాక నా బువ్వ ఈడనే. పూడ్చాలంటె నన్ను గూడ కలిపి పూడ్చుండ్రి."

రోజూ అక్కడే. కొన్నాళ్లకు ఒక లారీ డ్రైవర్ పళ్లెం తీసుకొచ్చి పక్కన కూర్చున్నాడు, "అమ్మ తిన్నకాడ నాకేమైతది" అంటూ. ఒక్కో దుకాణం సిగ్గుపడి బకెట్ పక్కన పెట్టింది. అందరికన్నా ఆఖరున బట్టల సేటు. తొలకరికి కంపు పోయింది, ఖానావళి నిండింది. అప్పుడొచ్చాడు సేటు.

"లే శరణమ్మా, ఇగ చాలు. లోపల తిను."

"నన్ను లేపనీకె వచ్చినవా, తిననీకె వచ్చినవా? తిననీకైతె కూసో."

కూర్చున్నాడు.

ఎవరి నెత్తి మీదా తట్ట లేని బజారును ఆమె చేసింది. దీన్ని దాచి, ఆమెకు పూలదండ లాంటి నాలుగు సంస్కృతం మాటలు వేస్తే ఊరుకోను. అట్లాంటి మనిషి నాకు మళ్లీ దొరకదు. ఆ బజారుకు కూడా దొరకదు.

మా లింగధారుల పద్ధతిలో చనిపోయినవాళ్లను పడుకోబెట్టరు. కూర్చోబెట్టి మట్టి చేస్తారు. మామయ్యావాళ్లు గుంతలోకి దిగి, నుదుట విభూతి పెట్టి, వీపు నిటారుగా ఆమెను కూర్చోబెట్టారు. గట్టు మీద నిలబడి చూశాను. శరణమ్మను పడుకోబెట్టడం చావుకు కూడా చేతకాలేదు.