అత్త ఎత్తని ఫోన్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా మేనత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నాలుగేళ్లలో ఆ నంబరు నుంచి నాకు వచ్చిన మొదటి ఫోన్ అది. మాట్లాడింది మా నాయన. "అత్త పోయింది బిడ్డా. పరీక్ష రాసినంకనే చెప్పుమన్నది. నాతోని కాలే" అన్నాడు. సూర్యాపేటలో హాస్టల్ మెట్ల మీద నిలబడి "సరే" అన్నాను. ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ తెలియదు. పరీక్షకు పోలేదు. కోదాడ బస్సెక్కాను.

మాది నడిగూడెం దగ్గర చిన్న ఊరు. గొర్రెలే మా బతుకు. అత్త మొగుడు చిన్న వయసులోనే పోతే అన్న ఇంటికి, అంటే మా ఇంటికి, వచ్చేసింది. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. అదీ అత్త పుణ్యమే. నన్ను మంద వెంట పంపుదామని నాయన అంటే, "గొర్రెలెన్క నేను పోత. పిల్ల బడికి పోతది. ఇగ ఆ ముచ్చట ఖతం" అన్నదట.

సాయంత్రం మంద ఇంటికి రాగానే గొర్రెపిల్లలను ఒళ్లో పెట్టుకుని గోమార్లు ఏరేది. గొర్రెల చెవుల్లో, తొడల సందుల్లో కరుచుకుని రక్తం తాగే పురుగులవి. వేళ్లతోనే పీకి కిరసనాయిలు గిన్నెలో వేసేది. ఒక్కోసారి అవి ఆమెనే కుట్టేవి. పీకి పారేసి మళ్లీ పనిలో పడేది.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఆమె తొడ మీద ఎర్రగా, గుండ్రంగా ఒక మచ్చ లేచింది. నా సైన్సు పుస్తకంలో చర్మానికొచ్చే తామర బొమ్మ అచ్చం అట్లాగే ఉండేది. "తామర అత్తా" అని కోదాడ నుంచి మందు తెచ్చి నేనే పూశాను. కొన్నాళ్లకు మచ్చ పోయింది. చదువుకున్న మేనకోడలు నయం చేసిందని ఊరంతా చెప్పుకుంది.

ఆ తర్వాత మోకాళ్లు వాచాయి. కాళ్లు తిమ్మిరెక్కేవి. మరికొన్నాళ్లకు ఒంటికి పోవడం కష్టమైంది. కూర్చుంటే రాదు, లేచి నాలుగడుగులు వేస్తే చీర తడిసేది. నీళ్లు తాగడం తగ్గించింది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. బస్సెక్కడమూ మానేసింది. అడిగితే "ఎవలు పోతరే ఆ గుంపుల" అనేది. కోదాడలో ఒక డాక్టరు షుగర్ అన్నాడు, పరీక్ష చేస్తే లేదు. ఇంకొకరు గర్భసంచి తీసేయాలన్నారు.

చివరికి మిర్యాలగూడలో ఒక పెద్ద డాక్టరు చాలాసేపు అడిగాడు. పురుగేమైనా కుట్టిందా, గుండ్రటి మచ్చ ఏమైనా లేచిందా అన్నాడు. అత్తే చెప్పింది: "లేసింది సారూ. మా పిల్లనే తగ్గించింది."

ఆయన ఒకసారి నా వైపు చూశాడు. గోమారి కాటుతో వచ్చే లైమ్ అనే జబ్బు ఒకటుందని, దానికి మొదట లేచే మచ్చ అట్లాగే ఉండి దానంతటదే పోతుందని, అది నరాలకు పాకితే మూత్రసంచి నిండిన సంగతి మనిషికి తెలియదని చెప్పాడు. మన దగ్గర అది చాలా అరుదట. రక్తపరీక్ష కూడా తేల్చలేదు. "అదేనని ఖాయంగా చెప్పలేనమ్మా. మందులైతే వాడదాం. వచ్చినా రాకపోయినా మూడు గంటలకోసారి కూర్చోవాలి. సంచి నిండిపోయి ఉంటే కిడ్నీలు పాడవుతాయి" అన్నాడు.

బయటికొచ్చాక అత్త, "ఈ డాక్టర్ మంచోడు. తెల్వదన్నడు సూడు" అంది. నేను ఏడుస్తుంటే కొంగుతో మొహం తుడిచి, "నువ్వు గూడ తెల్వనప్పుడు తెల్వదను బిడ్డా. సిగ్గేం లేదు" అంది.

మూడు గంటలంటే ఎంతో ఆమెకు ఎట్లా తెలియాలి? గడియారం చూడటం రాదు. ఫోన్ కొనిచ్చి అలారం పెట్టాను. మోగుతుంటే బెదిరి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. "అది ఊకెనే మొత్తుకుంటది. నువ్వు జెయ్, లేస్త" అంది. అట్లా మొదలైంది మా మిస్డ్ కాల్. పొద్దున ఆరు, తొమ్మిది, పన్నెండు, మళ్లీ మూడు, ఆరు, తొమ్మిది. నేను చేస్తాను. ఆమె ఎత్తదు, లేచి దొడ్లోకి పోతుంది. ఎత్తిందంటే ఏదో ఆపద అని అర్థం. అదీ మా ఒప్పందం.

మళ్లీ నీళ్లు తాగింది. మంద వెంట కూడా పోయింది. ఫోన్ రవికెలో పెట్టుకుని మా చిన్నమ్మ బిడ్డ పెళ్లికీ వచ్చింది. అక్కడ ఫోన్ మోగితే ఆడవాళ్లు పట్టుకున్నారు. "ఎవలే నీకు ఈ వయసుల మిస్డ్ కాల్ ఇచ్చేటోడు?"

"నా మొగుడే. పైనుంచి జేస్తుండు, ఇంక రావేందే అని" అని నవ్వుకుంటూ లేచింది.

పోయే ముందు రెండు రోజులు ఆమెకు జ్వరమట. చలి, వణుకు. నాయన నాకు చెబుతానంటే, "పిల్లకు బీఎడ్ పరీక్షలు. పరేషాన్ జెయ్యకు" అని ఫోన్ దిండు కింద పెట్టుకుందట. నేను చేసిన ప్రతిసారీ మోగింది. ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి బాగుందనుకుని నేను చదువుకున్నాను. మోగినప్పుడల్లా "లేపుండ్రి, పిల్ల జేసింది" అని అమ్మ భుజం పట్టుకుని దొడ్లోకి పోయిందట. సోమవారం సాయంత్రం కోదాడ దవాఖానకు తీసుకుపోతే, మూత్రంలో పుట్టిన చీము రక్తంలోకి ఎక్కిందన్నారు. తెల్లారేసరికి లేదు.

అది గోమారి వల్ల వచ్చిందో, ఇంకెందువల్లనో. నేను మందు పూయకుండా ఆ రోజే దవాఖానకు తీసుకుపోయి ఉంటే ఏమయ్యేదో. ఆ రెండు రోజుల్లో ఒక్కసారి ఆమె మా ఒప్పందం ప్రకారం ఫోన్ ఎత్తి ఉంటే. ఎన్నిసార్లు ఆలోచించినా చివరికి ఆమె నేర్పిన మాటే మిగులుతోంది. తెల్వదు.

దశదినకర్మ అయ్యాక హాస్టల్‌కు వచ్చేశాను. పన్నెండు కాగానే నా వేలు దానంతటదే ఆ నంబరు మీదికి పోతుంది. ఆ ఫోన్‌కు నాయన రోజూ చార్జింగ్ పెడుతున్నాడు, ఎందుకని నేను అడగలేదు. రింగు పోతుంది. ఎవరూ ఎత్తరు. నాలుగేళ్లు అదే నాకు ధైర్యం.

అమ్మ చెప్పింది. దొడ్లోకి పోయేటప్పుడల్లా అత్త దారిలో కట్టేసి ఉన్న ముసలి గొర్రెకు గుప్పెడు తుమ్మకాయలు వేసేదట. ఇప్పటికీ ఇంట్లో ఫోన్ మోగితే ఆ గొర్రె లేచి నిలబడి, వెనక తలుపు వైపు చూస్తుందట.