మునెమ్మత్త ఎడమ చేయి

గిన్నెలు తోమే సబ్బులు తయారుచేసేవాళ్లకు నిమ్మకాయంటే ఎందుకంత మోజో నాకు అర్థం కాదు. సబ్బుకు నిమ్మకాయ వాసన, నేల తుడిచే నీళ్లకు నిమ్మకాయ వాసన, చివరికి చెత్త వేసే సంచికి కూడా అదే. చెట్టున కాసిన ఏ నిమ్మకాయా ఎన్నడూ ఇలాంటి వాసన వేయలేదని కంపెనీకి ఒక ఉత్తరం రాద్దామనుకుని, నా మీద నాకే జాలేసి మానుకున్నాను. అయినా సింకు ముందు నిలబడి ఆ సబ్బు తీసినప్పుడల్లా నేను నగరిలో, మా రంగులవాళ్ల వీధిలో, గూడూరు లారీ దించిపోయిన నిమ్మకాయల గోనెసంచి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంటాను. ఎదురుగా వీధిలోని ఆడవాళ్లంతా చేతులు చాపుకుని వరుసగా కూర్చుని ఉంటారు.

మా వీధికి రెండు పక్కలా మరమగ్గాలు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి మాకు అదొక చప్పుడే కాదు; కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడే పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లు. వీధి చివర రంగుల షెడ్డు. అక్కడ చిలపలుగా చుట్టిన నూలును తొట్లలో ముంచి, పిండి, వెదురు గడల మీద బారుగా ఆరేసేవాళ్లు. ఆ గడల కింద వంగి పరుగెత్తడం మాకు ఆట; తడి నూలు చెంపకు తగిలి ఏ ఎరుపో పసుపో అంటించుకుని ఇంటికి పోతే, అమ్మ నా వీపు మీద తనకు తోచిన రంగు వేసేది. ఇంకో ఆట బోరింగు దగ్గర. పొద్దున్నే మొదటి బిందె కొట్టకముందే, ఈరోజు నీళ్లు ఏ రంగులో వస్తాయో చింతపిక్కలు పందెం కాసేవాళ్లం. షెడ్డు వదిలిన నీళ్లు కాలువలో ఇంకి, భూమిలోకి దిగి, బోరింగులోంచి మళ్లీ మాకే వచ్చేవి. గులాబి రంగని చెప్పి నేను బోలెడు పిక్కలు గెలిచాను. పండక్కి చేసిన ఇడ్లీలు లేత ఊదా రంగులో వస్తే, అది మా ఇంటి ప్రత్యేకమని చుట్టాలకు చెప్పుకున్నాం. పుత్తూరులో నీళ్లకు రంగుండదని తెలిసిన రోజు, పాపం ఆ ఊరి పిల్లలు ఏం ఆడుకుంటారోనని నేను నిజంగానే బాధపడ్డాను.

మునెమ్మత్త నాయనకు చెల్లెలు. ఆ షెడ్డులోనే పని. చేతులు మోచేతుల దాకా ఏ వారం ఏ నూలు ముంచితే ఆ రంగులో ఉండేవి, వేళ్ల కొసలూ గోళ్లూ మాత్రం ఎప్పుడూ నలుపే. ఆ నిమ్మకాయలు దిగిన ఏడు మునిసిపాలిటీ ఎన్నికల్లో మా వార్డుకు షెడ్డు యజమానే నిలబడ్డాడు. షెడ్డును ఊరి బయటికి తరలిస్తానని చెప్పి ఇంకొకాయన ఆయన మీద పోటీకి దిగాడు. అయితే ఆ రెండో ఆయనకు ఓటేస్తే సరిపోతుంది కదా అని మీరనవచ్చు. ఓటేసినవాళ్ల ఎడమ చేతి చూపుడు వేలికి నల్ల సిరా పెడతారు. రంగుల ఆడవాళ్ల వేళ్లు ఏడాది పొడవునా నల్లగానే ఉంటాయి. అంతకు ముందు ఎన్నికల్లో యజమాని మనిషి పోలింగు బూతులో కూర్చుని, వరుసలో వచ్చిన ప్రతి ఆడమనిషి వేలూ చూపించి, "ఈమె ముందే ఏసేసింది సారూ" అని వెనక్కి పంపించాడు. ఇంత పొదుపైన ఏర్పాటును నేను తర్వాత రాజనీతిశాస్త్రంలో పట్టా పుచ్చుకునేటప్పుడు కూడా చదవలేదు.

ఈసారి మునెమ్మత్త ఇల్లిల్లూ తిరిగింది. "ఏలు తెల్లంగా ఉంటే వాడేం జేస్తాడే? రాండి, రుద్దుకుందాం" అంది. అలా మా వసారా ఎన్నికల కార్యాలయమైంది. నిమ్మచెక్కలు, బ్లీచింగు పొడి, కొబ్బరిపీచు, ఇటుకపొడి. కాయలు కోయడం నా పని. పగిలిన వేళ్లలోకి పులుపు దిగి అందరూ ఉస్సురుస్సురంటూనే ఎకసెక్కాలాడుకునేవాళ్లు.

"శానా రుద్దొద్దే, ఇంటికిపోతే మీ ఆయన గుర్తుపట్టడు."

"పట్టకపోతే మేలే కదక్కా, ఒక్కపూటన్నా వంట తప్పుతుంది."

వారం రోజులు పనికి పోకుండా రుద్దేసరికి వేళ్లు వేళ్లలా కనబడసాగాయి. సరిగ్గా అప్పుడే యజమాని కబురు పంపాడు: అయ్యప్ప మాలల కాలం, నల్లపంచెలకు నూలు అర్జెంటు, రానివాళ్లు ఇంకెప్పుడూ రానక్కర్లేదు. చేతులు నల్లబడితే ఓటు లేదు, తెల్లగా ఉంచుకుంటే కూడు లేదు. నా చేతిలో సగం కోసిన కాయ అలాగే ఉండిపోయింది.

"సిరా పెట్టేది ఎడం చేతికే గదా," అంది మునెమ్మత్త. "కుడి చేత్తో ముంచుదాం పాండి."

మర్నాడు అత్తకు పులిసోరు అన్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకు పోతే, ఆడవాళ్లంతా ఎడమ చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి, మణికట్టు దగ్గర నూలుతో బిగించి కట్టుకుని, ఆ చేయి వెనక్కి పెట్టుకుని, పెళ్లిపంక్తిలో భోంచేస్తున్నవాళ్లలా కుడి చేత్తో నలుపు కలుపుతున్నారు. యజమాని చూసి తన దారిన పోయాడు. నూలు మునుగుతోంది కదా.

ఎన్నికల ముందురోజు సాయంత్రం, పని ముగిసే వేళకు మునెమ్మత్త కవరు విప్పి మంచినీళ్లు తాగుతోంది. పక్క తొట్టి దగ్గర ఒక ముసలామె చేతిలోంచి చిలప జారింది. జారిన నూలు తొట్టి అడుగున చిక్కుపడితే పనికిరాదు, ఆ నష్టం ముసలామె కూలిలో పోతుంది. మునెమ్మత్త ఆలోచించలేదు. రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి చిలప పైకి తీసింది. తీశాక చూసుకుంది. వీధిలో మిగిలిన నిమ్మకాయలన్నీ ఆ సాయంత్రం ఆమె ఒక్క చేతికే అయిపోయాయి. చర్మం ఊడింది గానీ నలుపు ఊడలేదు.

పొద్దున్నే బడి దగ్గర వరుస. ఆమె కొంగు పట్టుకుని నేను. లోపలికి పోయినవాళ్లంతా తెల్లటి చేతికి ఒకే ఒక్క నల్లచుక్క పెట్టుకుని, దాన్ని దీపంలా పైకెత్తి చూపిస్తూ బయటికొచ్చారు. మునెమ్మత్త చివర నిలబడింది.

"ఈమె అయిపోయింది సారూ, ఏలు సూడండి," అన్నాడు యజమాని మనిషి.

"పది ఏళ్లూ నలుపే గదా సారూ," అంది మునెమ్మత్త, రెండు చేతులూ బల్ల మీద పరిచి. "ఒక్కదాన్ని పది ఓట్లు ఏసినానా?"

బూతులో అందరూ నవ్వారు. వడమాలపేట నుంచి డ్యూటీకి వచ్చిన మాస్టరు కూడా నవ్వి, పైవాళ్లను అడిగి చెబుతాను, కాస్త పక్కన నిలబడమ్మా అన్నాడు. ఆమె బడిగోడ పక్కన నిలబడింది. ఎండ గోడ మీద నుంచి దిగి, మా పాదాల దాకా వచ్చి, పోయింది. గేటు మూసేదాకా ఆ మాస్టరు ఎవరినీ అడగలేదు.

యజమాని ఓడిపోయాడు. గెలిచినాయన ఏడాది తిరక్కుండా ఆ షెడ్డునే కొనుక్కున్నాడు. మునెమ్మత్త ఆయన దగ్గర అదే తొట్టిలో నూలు ముంచింది.

ఇప్పుడు ఆ వీధిలో తొట్లు లేవు, వెదురు గడలు లేవు, చింతపిక్కల పందెం గుర్తున్నవాళ్లూ తక్కువే. రంగులు ఊరి బయట యంత్రాలు వేస్తున్నాయి. ఈ సంగతి బోరు నీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. అవి ఇంకా తమకు తోచిన రంగులోనే వస్తున్నాయి. నేను సెలవురోజుల్లో ఒక చిన్న సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి, ఓటు నమోదు చేయించుకోండి, తప్పకుండా వేయండి అని చెబుతుంటాను. ఎవరికి వేయాలో మాత్రం చెప్పం. అది మా నియమం. ఈసారి మా వార్డులో నిలబడింది ఇద్దరు. ఒకాయన పాత యజమాని కొడుకు, ఇంకొకాయన షెడ్డు కొనుక్కున్నాయన అల్లుడు.

మొన్న మునెమ్మత్త ఇంటికి పోయేసరికి గిన్నెలు తోముకుంటోంది, ఆ నిమ్మకాయ సబ్బుతోనే. పోలింగు రోజు ఆటో తెస్తానని, వరుసలో నిలబడే పని లేకుండా చూస్తానని, ఒక్క ఓటయినా విలువైనదేనని, అందరికీ చెప్పే మాటలన్నీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, రెండూ నా ముందు చాపింది. ముడతలు పడి, పాలిపోయి, గోళ్లతో సహా ఎక్కడా ఒక్క మచ్చ లేదు.

"తెల్లంగా అయిపోయినాయి గదమ్మే చేతులు," అంది. "ఇంక ఎవురికి ఏసేదో నువ్వే సెప్పు."