మూడో నంబరు పంపు పేజీ

2018 ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, చంద్రపూర్‌లోని మా నీటి పరీక్షశాల కిటికీలో ఒకాయన లీటరు పాలిథిన్ సీసా పెట్టాడు. ఆ వేళ నాకు గుర్తుండి రాయడం లేదు. నమూనా అందిన సమయాన్ని నిమిషాలతో సహా రాసే గడి మా రిజిస్టర్‌లో ఉండేది. ఆ గడిలో ఉన్నది నా చేతిరాతే.

అప్పుడు నేను అక్కడ సీనియర్ కెమిస్టును. మాజ్రి బొగ్గు గనుల్లో పనికోసం తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం మాది. నాన్న భూమి కింద పనిచేశాడు, నేను కిటికీ వెనక పనిచేశాను. నమూనాలు పరీక్షించడంతో పాటు పరీక్షశాల వెబ్‌సైట్ బాధ్యత కూడా అప్పటికి మూడేళ్లుగా నాదే. అది నా మీదికి వచ్చిన తీరు ముందు చెప్పాలి.

మా పాత వెబ్‌సైట్‌లో అధికారుల ఫొటోలు, మా ఆశయాలు, ఒక రిబ్బను కత్తిరిస్తున్న దృశ్యం ఉండేవి. దాన్ని మేమే చూసేవాళ్లం. మా పై అధికారికి ఇది చిన్నతనంగా తోచి నాగపూర్ నుంచి ఒక ఏజెంటును పిలిపించారు. వందల వెబ్‌సైట్ల నుంచి మనకు లింకులు పెట్టిస్తానని అతను చెప్పాడు. ఎవరైనా తమ పేజీలో మన పేజీ చిరునామా పెట్టి, నొక్కితే ఇక్కడికి వచ్చేలా చేస్తే దాన్ని లింకు అంటారు. లింకులు ఎక్కువ ఉన్న పేజీని సెర్చ్ ఇంజన్లు అనే వెతుకులాట యంత్రాలు పైన చూపిస్తాయి. అతను తెచ్చిన జాబితాలో చెప్పుల దుకాణాలు, పెళ్లి మండపాలు ఉన్నాయి. చెప్పులమ్మేవాడు మా నీళ్ల గురించి ఎందుకు చెప్తాడని అడిగాను. మనుషులు చదవరనీ, యంత్రం లెక్కపెడుతుందనీ ఓపికగా వివరించాడు. లింకులు కొననక్కర్లేదనీ, ఒక మనిషి ఇంకో మనిషికి చూపించదగినది ముందు మన దగ్గర పెట్టాలనీ ఫైలు మీద రాశాను. అయితే నువ్వే పెట్టు అని ఆ పనిని నాకే రాసి పంపారు.

మా దగ్గర ఉండి ఇంకెవరి దగ్గరా లేనిది ఒక్కటే. రాజురా, కోర్‌పనా తాలూకాల్లో పంపు పంపుకూ ఫ్లోరైడ్ ఎంత ఉందో మా ఫైళ్లలో ఉంది. ఫ్లోరైడ్ భూమిలోని రాయి నుంచి నీళ్లలోకి వస్తుంది. రంగు, రుచి, వాసన ఉండవు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద మచ్చలు పడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. ఈ వివరాలు గ్రామ పంచాయతీకి ఒక కాగితంగా వెళ్లేవి. ఆ కాగితం అక్కడి ఫైల్లో ఉండేది. పంపుకు మాత్రం రంగు వేసేవాళ్లు. ఎరుపు అంటే తాగకూడదు, నీలం అంటే తాగవచ్చు.

నేను ఊరికొక పేజీ చేశాను. ఆ పేజీ చిరునామా ఎన్నటికీ మార్చకూడదని నియమం పెట్టుకున్నాను. చిరునామా మారితే లింకు పెట్టినవాడు అబద్ధం చెప్పినట్టవుతుంది. పేజీలో పంపు నంబరు, ఫలితం, పరీక్ష చేసిన తేదీ, చేసినవారి పేరు ఉండేవి. కింద రెండు సూచనలు. సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, ఐదు నిమిషాలు పంపు కొట్టాక నింపాలి. ఏడాదికోసారి మళ్లీ పరీక్ష చేయించాలి.

ఇంకో చిక్కు ఉంది. తెలంగాణ సరిహద్దున ఉన్న ఆ ఊళ్లలో, ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. పెద్దవాళ్లలో చాలామందికి ఏ లిపీ రాదు. అందుకని ప్రతి పేజీలో నొక్కితే వినిపించే గొంతు పెట్టాలనుకున్నాను. మా ఇంటావిడ కమల ఆ ఊళ్ల మనిషే. నేను రాసిచ్చిన కాగితంలో “మూడవ సంఖ్య గల చేతిపంపు నీరు త్రాగుటకు యోగ్యము” అని ఉంది. ఆమె చదివి పక్కన పెట్టింది.

“ఇది ఎవలకు చెప్తున్నవ్? మనుషులకా, బోరింగుకా?”

తర్వాత వంటింట్లో ఫ్యాను ఆపి, కుక్కరు దించి, ఫోనులో తనే చెప్పింది. “మూడో నంబరు బోరింగు నీళ్లు మంచిగున్నయ్, తాగుండ్రి. ఐదో నంబరువి తాగకుండ్రి. బట్టలు ఉతుకుండ్రి, బర్రెలను కడుగుండ్రి.” అట్లా నలభైకి పైగా ఊళ్లకు చెప్పింది.

లింకులు వాటంతటవే వచ్చాయి. మొదట ఒక ఉపాధ్యాయుడి బ్లాగు, తర్వాత గడ్‌చాందూర్‌లో ఒక పళ్ల డాక్టరు, ఒక విత్తనాల దుకాణం, సిమెంటు కర్మాగారంలో పనిచేసే కుర్రాళ్లు తమ ఊరికోసం నడిపే పేజీ. మేము ఎవరినీ అడగలేదు. ఏ పేజీ నుంచి మనుషులు మా దగ్గరికి వస్తున్నారో చూపే పట్టికను సోమవారం సోమవారం చూసేవాణ్ని. ఆ సంగతి ఇంట్లో చెప్తే కమల, “మంచిది, సీసాలు కడిగిన్రా?” అనేది. గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

ఆ మంగళవారం సీసా తెచ్చినాయన కోర్‌పనా వైపు ఒక ఊరి బడికి పెద్ద ఉపాధ్యాయుడు. అందరూ గజానన్ గురూజీ అనేవారు. ఊరి పేరు రాయను. ఆయనకు ఫిర్యాదేమీ లేదు. బడి పేజీలో మా పేజీకి లింకు పెట్టుకున్నాడు. ఏడాదికోసారి పరీక్ష అన్న వాక్యం చదివి, పాటించాలని వచ్చాడు. సీసా మూడుసార్లు కడిగానని మరాఠీలో నాకు అప్పజెప్పాడు. చీటీ మీద మూడో నంబరు పంపు అని రాసి ఉంది. బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను.

ఫ్లోరైడ్‌ను మీటరుతో కొలుస్తాం. నీళ్లలో ఒక ద్రావణం కలిపి, ఎలక్ట్రోడు ముంచి, అంకె నిలిచేదాకా చూడాలి. అంకె పరిమితికి రెండింతల పైన నిలిచింది. మూడేళ్ల కిందట అదే పంపులో పరిమితిలో సగం కూడా లేదు. ఇలాంటప్పుడు నీళ్లను అనుమానించే ముందు మీటరును అనుమానించడం మా పద్ధతి. తెలిసిన ద్రావణాలతో మీటరును మళ్లీ సరిచూశాను. రెండో భాగం తీసి కొలిచాను. తర్వాత ఏ పంపుదో చెప్పకుండా జూనియర్ కెమిస్టు చేతికిచ్చాను. మూడుసార్లూ అదే అంకె. ఆ గదిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఒక పంపు అంకె ఇంతగా మారడం ఎప్పుడూ చూడలేదు.

బయటికి వచ్చి, ఈ పంపు ఎక్కడుందని గురూజీని అడిగాను. బడి ఆవరణలో అన్నాడు. నా ఫైల్లో మూడో నంబరు ఊరి కొసన, రేషన్ దుకాణం పక్కన ఉంది. బడి ఆవరణలో ఉన్నది ఐదో నంబరు, ఎరుపు. నేను తప్పు చదువుతున్నానని ఆయన మర్యాదగా అన్నాడు. ఫోనులో ఫొటో చూపించాడు. బడి గోడ, దాని ముందు నీలం రంగు పంపు, పంపు మీద పసుపు రంగులో మూడు.

మర్నాడు పంపుల మెకానిక్ పోశెట్టిని తీసుకుని వెళ్లాను. జరిగింది అతను దాచకుండా చెప్పాడు.

“మూడో దాంట్ల నీళ్లు ఎండినయ్ సార్. బడికాడి దాని చైను తెగింది, పిల్లలకు నీళ్లు గావాలె. ఈ హెడ్డు ఇప్పి ఆడ బిగించిన. గంటల పనైంది.”

హెడ్డు అంటే పంపు పైన పిడినీ, చైనునూ పట్టి ఉంచే ఇనుప పెట్టె. చెడిపోయినప్పుడు ఒక బోరు హెడ్డు ఇంకో బోరుకు వేయడం మెకానిక్కులు రోజూ చేసే పనే. నంబరు మాత్రం మేము హెడ్డు మీదే రాయించేవాళ్లం. కంటికి ఎదురుగా ఉంటుంది, బురద అంటదు. రంగూ దానికే. నేలలోని బోరుకు గుర్తు ఏదీ ఉండేది కాదు. అట్లా రాయించమన్న ఉత్తరువు కింద నా సంతకం ఉంది.

ఎప్పుడు మార్చావని అడిగాను. రెండు ఎండాకాలాలైంది అన్నాడు. ఎర్ర హెడ్డు అతని కొట్టంలో బోర్లించి ఉంది. దాని మీద ఐదు అంకె చెక్కు చెదరలేదు.

బడి ఆవరణలోనే అంగన్‌వాడీ కూడా ఉంది. మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలు. ఆ వయసులో పాలపళ్ల వెనక, చిగుళ్ల లోపల, అసలు పళ్లు తయారవుతుంటాయి. ఫ్లోరైడ్ దెబ్బ వాటికి తగులుతుంది. అవి బయటికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అంటే నష్టం జరిగిందో లేదో ఆ రోజు ఏ డాక్టరూ చెప్పలేడు. బడి బయట వరసగా పెట్టిన చిన్న గ్లాసులు చూశాను. వాటి మీద పిల్లల పేర్లు రాసి ఉన్నాయి.

పంపు పిడికి అప్పుడే గొలుసు వేసి తాళం వేయించాం. మూడో రోజు నుంచి ట్యాంకరు వచ్చింది. మా పై అధికారి పిలిచి, పేజీలో అంకె మార్చి ఊరుకోమన్నారు. ఎవరు చూస్తారన్నారు. ఆయన చెడ్డవారు కారు, బదిలీకి దగ్గర్లో ఉన్నారు. కానీ ఆ రెండేళ్లు తాగినవాళ్లకు తాము తాగామని తెలియాలి. తెలిస్తేనే పిల్లల పళ్లను గమనిస్తారు. పాత ఫలితాన్ని చెరపకుండా దాని మీద గీత గీసి, పేజీ పైన మొదటి వాక్యంగా ఏం జరిగిందో రాసి, కింద నా పేరు పెట్టాను. పెట్టిన తర్వాతే ఆయనకు చెప్పాను.

ఇంట్లో చెప్పినప్పుడు కమల బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది.

“నేను చెప్తెనే తాగిన్రా?”

రెండు నిమిషాల్లో కొత్త గొంతు రికార్డు చేద్దామని నేను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

“తాగుండ్రి అని నోటితోని చెప్పిన. ఫోన్ల ఎట్ల వాపసు తీసుకుంట? పోదాం పా.”

శనివారం రాజురా మీదుగా బస్సులో వెళ్లాం. బడి వరండాలో తల్లులు, ముసలివాళ్లు కూర్చున్నారు. కమల నిలబడి జరిగినదంతా చెప్పింది. గొంతు గుర్తుపట్టి ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు. ఒక చిన్న వయసు తల్లి, “దినాం ఇన్న గొంతే గదా అక్కా. నువ్వు తాగమన్నవ్, ఇప్పుడు నువ్వే వద్దంటున్నవ్. రేపేమంటవ్?” అంది.

అందరికంటే పెద్దావిడ లక్ష్మవ్వ. ఎర్ర పంపు పోయి నీలం పంపు వచ్చినప్పుడు మీకు అనుమానం రాలేదా అని నేను అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“రోగం ఎర్ర బోరింగుకే ఉన్నదనుకున్నం సారూ. దాని తలకాయ తీసేసిన్రు, నీళ్లు బాగైనయ్ అనుకున్నం. మాకు సదువు లేదు, గట్లనుకున్నం. నంబరు తలకాయకు రాస్తే నీళ్లకు రాసినట్టని మీరు గూడ అనుకున్నరు గదా. మీకు సదువున్నది.”

ఎవరూ నవ్వలేదు. నేను తల దించుకున్నాను. కమల ఆమె పక్కన నేల మీద కూర్చుంది, బస్సు వేళ దాకా లేవలేదు. ప్రతి తల్లినీ పిల్ల పేరు, వయసు అడిగి నా నోటు పుస్తకంలో రాయించింది. తర్వాత ఏటా ఆ పేర్లు పట్టుకుని వెళ్లింది. ముగ్గురు పిల్లలకు కొత్త పళ్ల మీద తెల్లటి గీతలు కనిపించాయి. అవి ఈ నీళ్ల వల్లేనా అంటే, కెమిస్టుగా నేను అవునని గానీ కాదని గానీ రాయలేను.

లింకుల సంగతి అప్పుడే నాకు అర్థమైంది. మా పేజీకి లింకు పెట్టిన పళ్ల డాక్టరు, విత్తనాల దుకాణం, గురూజీ బడి, వీళ్లెవరికీ నేను చెప్పనక్కర్లేకపోయింది. చిరునామా అదే కాబట్టి, అక్కడి నుంచి నొక్కినవాళ్లందరికీ సవరణే కనిపించింది. కానీ కొందరు కమల గొంతును ఫోనులోకి దించుకుని వాట్సాప్‌లో పంపుకున్నారు. వీలుగా ఉంటుందని దించుకునే మీట నేనే పెట్టాను. ఆ గొంతు మా చేతిలో లేదు. ఎన్ని ఫోన్లలో ఉందో చూపే పట్టిక ఏదీ లేదు. ఆ మీట తీసేశాను. లింకు పెట్టదగిన పేజీ అంటే తప్పు లేని పేజీ అని అంతవరకు అనుకున్నాను. తన తప్పును అదే చిరునామాలో అందరికంటే ముందు చెప్పే పేజీ అని ఇప్పుడు అనుకుంటున్నాను.

కమల 2021లో పోయింది. ఆ మరుసటేడు, పదవీ విరమణ తర్వాత, గడ్‌చాందూర్ బస్టాండ్‌లో కోర్‌పనా బస్సు కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఒకాయన ఫోనులో పాత సందేశాలు ఒక్కొక్కటీ వింటున్నాడు. మూడో నంబరు బోరింగు నీళ్లు మంచిగున్నయ్, తాగుండ్రి. ఆ ఊరికోసం చెప్పిన కమల గొంతే, వెనకాల మా వంటింటి గిన్నె చప్పుడు కూడా ఉంది. ఆయన దగ్గరికి వెళ్లి, అది తప్పని, తీసేయమని చెప్పాను. ఎవరిదీ గొంతు, మీకెట్ల తెలుసు అని అడిగాడు. పరీక్షశాలలో పనిచేశానని మాత్రం చెప్పాను. ఆయన తీసేసేదాకా నిలబడి చూశాను.

ఆ ఊళ్లలో ఇప్పుడు నంబరును బోరు చుట్టూ వేసిన సిమెంటు గద్దె మీద, తడి ఆరకముందే చెక్కుతారు. పంపు హెడ్డు మీద ఎవరూ నంబరు రాయరు.