సింహానికి క్రాపు చేసిన మామయ్య

ఎనిమిదో తరగతితోనే చదువుకు దండం పెట్టినవాణ్ని, నా మాట నమ్మకపోయినా ఫర్వాలేదు. కానీ మా మామయ్యను మించిన కోతలరాయుడు ఈ భూమ్మీద పుట్టలేదు. రెండో స్థానం నాది.

మామయ్య సెలూన్‌లో క్రాపు ఎంతసేపైతే కథ అంతసేపు. మెడమీద పౌడరు బ్రష్ పడిందంటే కథ కంచికి చేరినట్టే. నిగనిగలాడే బట్టతలాయన కూడా కథ కోసం వచ్చి కుర్చీ ఎక్కేవాడంటే చూసుకోండి!

ఇప్పుడు మతిమరుపు జబ్బు ఆయన మాటలను ఒక్కొక్కటే కొరుక్కు తింటోంది. కత్తెర కొడుక్కి ఇచ్చేసి, బెంచీ మీద కూర్చుని కథలు మాత్రం చెబుతున్నాడు. మధ్యలో మాట దొరక్క ఆగిపోతాడు.

"రేపట్నుంచి నాన్న ఇంట్లోనే ఉంటాడురా," అన్నాడు బావ. "నిన్న కథ సగంలో ఆపేసి తల దించుకున్నాడు. నేను చూళ్లేను."

"ఇవాళ చివరిదాకా చెబితే?"

"ఎలా చెప్తాడు? మాట అందిస్తే ఇంకా బెదిరిపోతున్నాడు."

"సరైన మాట అందిస్తే అంతే మరి. తప్పులు అందించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య బావా, చూడు!"

కుర్చీలో ఉన్నాయనకు సగం క్రాపయింది. మామయ్య మొదలుపెట్టాడు. "సర్కస్ వాళ్లు పిలిచారు. బోనులో అదీ... పెద్దది... జుట్టుంటుందే..."

ఆగిపోయాడు. బావ కత్తెర ఆగింది.

"కుందేలా మామయ్యా?" అన్నాను.

"కుందేలేంట్రా వెధవా! సింహం!"

"ఓహో. గరిటెతో కత్తిరించావు కదూ?"

"నీ మొహం! కత్తెరతో!"

నేను తప్పు మీద తప్పు విసురుతుంటే, ఆయన తిట్టు మీద తిట్టు తగిలించి కథను ముందుకు లాక్కుపోయాడు. చివర్లో మళ్లీ తడుముకున్నాడు.

"అప్పుడు నిన్ను కరిచేసింది," అన్నాను.

"కరవడమా? అద్దంలో అటూ ఇటూ చూసుకుని, మెడ వెనక ఇంకాస్త తగ్గించమంది!"

ఈ ముగింపు నేనెన్నడూ వినలేదు. అప్పటికప్పుడు పుట్టించాడు మహానుభావుడు! కుర్చీలో ఉన్నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

మామయ్య ఛాతీ విరుచుకుని నన్ను ఎగాదిగా చూశాడు. కొడుకు వైపు తిరిగాడు.

"ఎవర్రా ఈ అబ్బాయి? ఒక్క ముక్కా సరిగ్గా చెప్పలేడు పాపం. రేపు కూడా రమ్మను, నేర్పిస్తాను."

బావ కళ్లు తుడుచుకుని బ్రష్ అందుకున్నాడు. "అలాగే నాన్నా. రేపు నువ్వూ పెందలాడే రా మరి."