భీమరాజు గారికి లేని ఎనిమిదో చెరువు

ఉషారాణి గారికి భయం పుట్టుకతోనే వచ్చిందని మా ల్యాబులో అందరం అంటాం. అందరం అంటే పెద్ద జనమేమీ కాదు, ముగ్గురం. ఓనరు రాజరత్నం గారు, పరీక్షలు చేసే ఉషారాణి గారు, చెరువుల మీద బండేసుకుని తిరిగి నీళ్ల సీసాలు పట్టుకొచ్చే నేను. నా పేరు రమేష్ బాబు. ఆవిడ గురించి రాయబోతే నా గురించి కూడా రాయక తప్పడం లేదు. పదకొండేళ్లలో ఆవిడ చేసిన ఒకే ఒక్క తప్పులో సగం నాది.

మా ల్యాబు భీమవరంలో ఒక మేత కొట్టు పైన రెండు గదుల్లో ఉంటుంది. చుట్టుపక్కల రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసి, ఏ చెరువులో ఉప్పు ఎంత ఉంది, అమ్మోనియా ఎంత పెరిగింది అని రైతులకి చెబుతాం. ఆ చెప్పే పని ఆవిడది. ఒక్కో సీసా మూడుసార్లు కడుగుతారు. సాయంత్రం తాళం వేసి మెట్లు దిగి, మళ్లీ పైకెక్కి తాళం లాగి చూస్తారు.

"రోజూ ఇలా లాగితే అది ఊడొస్తుందండి ఉషారాణి గారూ" అంటాను నేను.

"ఊడొస్తే కొత్తది వేద్దాం లెండి" అంటారు ఆవిడ, నవ్వకుండా.

ఆవిడ పుట్టింది నరసాపురం అవతల, సముద్రం ఒడ్డు పేటలో. తండ్రి వేటకి వెళ్లిన రోజుల్లో తల్లీ కూతుళ్లిద్దరూ సాయంత్రానికల్లా ఒడ్డుకి వెళ్లి కూర్చునేవారట. ఈవిడ చిన్నపిల్ల కదా, వచ్చిన పడవలు వేళ్ల మీద లెక్కపెట్టి, వెళ్లినన్నీ వచ్చేశాయని సంబరపడేది. తల్లి మాత్రం లేచేది కాదు. "లెక్క కాదే, మన పడవ ఏదో చూడు" అనేదట. ఈ సంగతి ఆవిడ నాకు ఎప్పుడో టీ తాగుతూ చెప్పారు. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

పోయినేడాది దాకా ఫలితాలన్నీ ఆవిడ చేత్తోనే రాసేవారు. పొడుగాటి రిజిస్టరు, ఒక్కో రైతుకి ఒక్కో పేజీ, స్కేలు పెట్టి కొట్టిన గీతలు. దాన్ని రైతులు 'ఉషారాణి గారి పట్టిక' అనేవారు. మేత కంపెనీ వాళ్లు వచ్చి వేరే లెక్క చెప్పినా, "ఉండండి, ఉషారాణి గారి పట్టిక రానివ్వండి" అనేవాళ్లు. పైకి ఏమీ అనేవారు కాదు గానీ, ఆ మాట విన్న రోజున ఆవిడ నడకే వేరుగా ఉండేది.

తరవాత చెరువులు పెరిగాయి, సీసాలు పెరిగాయి. చేత్తో రాస్తే మధ్యాహ్నం దాటిపోతోంది. రైతులేమో పదకొండు గంటలకే ఫోన్లో కావాలంటున్నారు. ఆవిడ కూతురు సత్యశ్రీ ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ పిల్ల దగ్గర కూర్చుని, నలభై ఆరేళ్ల వయసులో ఉషారాణి గారు పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నారు. అందులో పట్టికలు గీయడానికి ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ఒకటి ఉందట, దాన్ని లైబ్రరీ అంటారట. అంకెలన్నీ దానికిస్తే నిలువు గీతలూ అడ్డ గీతలూ తనే గీసి, ఏ అంకె ఏ గడిలో ఉండాలో అక్కడ పెడుతుంది. మొదటిరోజు అది చూసి ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. స్కేలు ఎందుకూ కొరగాకుండా పోయిందే అనుకున్నాను నేను.

అది కూడా ఊరికే లొంగలేదు. పైన పేర్లు తెలుగులో పెడితే గీతలు వంకర పోయేవి. మన అక్షరాలు ఒకటి సన్నం, ఒకటి వెడల్పు కదా, దానికి ఆ కొలత అందదట. వారం రోజులు కుస్తీ పట్టి చివరికి ఇంగ్లీషు అక్షరాలే పెట్టారు. ఇంకో ఇబ్బంది, ఫోన్లో వరస పొడుగైపోయి సగం కిందికి మడతపడేది. ఎక్కడో ఒక గడి తగ్గించాలి. ఏది తగ్గించాలా అని ఆవిడ రెండు రోజులు మథనపడ్డారు.

ఆ రోజు నేను సీసాలు దించి ఆవిడ ఫోన్లోకి తొంగి చూశాను. ఎడమ చివర ఆ లైబ్రరీ దానంతటదే వేసే వరస నంబరు ఉంది. దాని పక్కన చెరువు నంబరు. ఒకటి పక్కన ఒకటి, రెండు పక్కన రెండు, అలా ఐదు దాకా.

"ఒకే అంకె రెండుసార్లు ఎందుకండి? ఒకటి పీకెయ్యండి" అన్నాను.

"అంతేనంటారా?"

"అంతేనండి."

ఇంకో రైతు పట్టిక తీశారు. ఆయనవి ఆరు చెరువులు. అక్కడా అంతే. "అంతేనంటారా?" అని మళ్లీ అడిగారు. మూడోసారి కూడా అడిగారు. నాకు ఆకలిగా ఉంది, విసుగొచ్చి "మీ భయం మీరూనూ" అన్నాను. ఆవిడ చెరువు నంబరున్న గడి తీసేసి, వరస నంబరు ఉంచారు.

మర్నాడు మంగళవారం. పొద్దుటి సీసాల్లో భీమరాజు గారివి పదకొండు. ఆయన చెరువులు ఉప్పుటేరు వైపు, మాకు పద్దెనిమిది కిలోమీటర్లు. ఆయన భార్యతో కలిసి తుని దగ్గర తలుపులమ్మ లోవకి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లారు. చెరువుల దగ్గర కాపలా ఉండే త్రిమూర్తులే అన్నీ చూసుకుంటున్నాడు. కాపలావాళ్లకి మేం మొత్తం పట్టిక పంపం, అమ్మోనియా పెరిగిన చెరువు వరస మాత్రమే పంపుతాం. ఆ రోజు త్రిమూర్తులుకి వెళ్లింది ఒకే వరస. తొమ్మిది, అమ్మోనియా ప్రమాదం, మేత ఆపి ఏరియేటర్లు తిప్పండి. ఏరియేటర్లంటే నీళ్లు చిమ్మి గాలి కలిపే చక్రాలు.

మూడు గంటలకి ఉషారాణి గారు ఫైల్లో పెట్టడానికి మొత్తం పట్టికలు ప్రింటు తీస్తున్నారు. నేను కుర్చీలో కునుకు తీస్తున్నాను. ప్రింటరు చప్పుడు ఆగింది గానీ కాగితం తీసిన చప్పుడు లేదు. కళ్లు తెరిచాను. ఆవిడ కాగితం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.

"రమేష్ బాబు గారూ, భీమరాజు గారికి ఎనిమిది ఎక్కడిదండి?"

నా నిద్ర ఎగిరిపోయింది. భీమరాజు గారి ఇంట్లో ఎనిమిది శని అంకె అని పట్టింపు. వాళ్ల నాన్నగారి కాలం నుంచీ బండికి గానీ, బోరుకి గానీ, చెరువుకి గానీ ఆ నంబరు పెట్టరు. ఏడు తరవాత తొమ్మిది, ఆఖరిది పన్నెండు. వారానికి రెండుసార్లు ఆ సీసాల మీద చీటీలు అంటించేది నేనే. రిజిస్టరులో ఆయన పేజీ రాసింది ఆవిడే. పదకొండేళ్లలో ఆ పేజీలో ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా ఎనిమిది అని రాయలేదు. చేత్తో రాసి ఉంటే ఈ పొరపాటు జరిగేదే కాదు. వరస నంబరుకి ఇవేమీ తెలియవు, అది ఏడు తరవాత ఎనిమిది వేసుకుంటూ పోయింది. కాగితం మీద తొమ్మిది అంటే అసలు పదో చెరువు.

అంటే అమ్మోనియా పెరిగింది పదిలో. త్రిమూర్తులు మేత ఆపి ఉంటే తొమ్మిదిలో ఆపి ఉంటాడు. పదిలో మేత పడుతూనే ఉంటుంది, దాంతో అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. పైగా మబ్బు పట్టి ఉంది, ఎండ లేకపోతే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. సాయంత్రానికి ఆ చెరువులో గాలి అందక రొయ్యలన్నీ పోతాయి.

ఆవిడ ఫోన్ చేశారు. త్రిమూర్తులు అందుబాటులో లేడు. మళ్లీ చేశారు. అటు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదని కింద కొట్లో చెప్పారు, కరెంటు పోతే ఆ పక్క సిగ్నలూ ఉండదు. భీమరాజు గారి ఫోన్ మోగుతోంది గానీ తియ్యడం లేదు, కొండ మీద గుడిలో ఉండి ఉంటారు. నాలుగోసారికి ఆవిడ కుర్చీలోంచి లేచారు.

"బండి తియ్యండి" అన్నారు.

అంతకుముందు ఏనాడూ ఆవిడ నా బండెక్కలేదు. ఆ రోజు తాళం నన్నే వెయ్యమన్నారు, వెనక్కి తిరిగి లాగి చూడలేదు. నాకు అప్పుడు నిజంగా భయమేసింది.

దారి పొడుగునా ఆవిడ ఫోన్ చెవి దగ్గరే ఉంది. రైలు గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ తెమలదు. అటు చూస్తే ఉప్పుటేరు మీద మబ్బు నల్లగా దిగుతోంది. నాకు నా మీదే కోపంగా ఉంది, ఆ కోపం గేటు మీద చూపించాను. కాసేపటికి నా వీపు వెనక నుంచి చిన్నగా వినిపించింది.

"మా అమ్మ చెప్పిందండి. లెక్క కాదు, పడవ చూడమని."

నేను బండి స్టార్ట్ చేసి ఉంచాను.

చెరువుల దగ్గరికి చేరేసరికి ఐదు కావొస్తోంది. దూరం నుంచే జనరేటరు చప్పుడు వినిపించింది. కరెంటు లేనప్పుడు ఆ జనరేటరు మీద అన్ని ఏరియేటర్లూ తిరగవు, ముందు ఏ చెరువుకి కావాలో కాపలా మనిషే చూసి వేస్తాడు. తొమ్మిదో చెరువులో నాలుగూ తిరుగుతున్నాయి, నీళ్లు తెల్లగా చిమ్ముతున్నాయి. పదో చెరువులో ఒక్కటీ తిరగడం లేదు. గట్టు పొడుగునా రొయ్యలు పైకొచ్చి మీసాలు కదుపుతున్నాయి. కొన్ని పక్కకి ఒరిగిపోయి తేలుతున్నాయి.

"పదికి మార్చు త్రిమూర్తులూ, పదికి" అని ఆవిడ గట్టు మీద పరుగెత్తారు. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది.

త్రిమూర్తులు ఒక్క ప్రశ్న వెయ్యకుండా షెడ్డులోకి దూరి స్విచ్చిలు మార్చాడు. పదిలో చక్రాలు తిరిగాయి. ముగ్గురం గట్టు మీదే నిలబడిపోయాం. అరగంట గడిచింది. ఒరిగినవి ఒరిగాయి గానీ, మీసాలు కదుపుతున్నవి ఒక్కొక్కటీ కిందికి దిగడం మొదలుపెట్టాయి. మేమే ఊపిరి బిగపట్టుకుని ఉన్నామని నాకు అప్పుడు తెలిసింది.

సంగతి తెలిశాక త్రిమూర్తులు తల పట్టుకున్నాడు. "అయ్యగారు నన్నింక ఉంచరండి. చచ్చినవి కనబడతాయి గానీ బతికినవి కనబడవు కదండి" అన్నాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు నాకో పాడు ఆలోచన వచ్చింది. ఆవిడని పక్కకి పిలిచి చెప్పాను. "పంపింది ఒక్క వరసే కదండి. మనం పది అనే చెప్పాం, వీడే తొమ్మిదనుకున్నాడు అంటే ఎవరు చూడొచ్చారు? ఆ మెసేజీ తీసేయిస్తే సరి. మీ పేరు నిలబడుతుంది."

ఆవిడ నా మొహంలోకి చూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

కరెంటు వచ్చింది, సిగ్నలూ వచ్చింది. ఆ వెంటనే భీమరాజు గారి ఫోన్. ఆవిడే తీసి, నాకూ త్రిమూర్తులుకీ వినిపించేలా స్పీకరు పెట్టారు.

"భీమరాజు గారండి, ల్యాబు ఉషారాణినండి. మీ పదో చెరువుకి దెబ్బ తగిలిందండి. తప్పు నాదండి. పట్టికలో చెరువు నంబరు తీసేసి వరస నంబరు పంపాను. త్రిమూర్తులు నేను రాసిందే చేశాడండి, అతని తప్పేం లేదు."

నా పేరు ఎత్తలేదు. ఎత్తుతారేమోనని నేను చూస్తూనే ఉన్నాను.

భీమరాజు గారు "త్రిమూర్తులుకివ్వండి" అన్నారు. "ఏరా, ఆవిడేదో పంపారు సరే. గట్టు మీద ఉన్నది నువ్వు కదా, నీకు కళ్లు లేవా?"

"చూశానండి" అన్నాడు త్రిమూర్తులు. "పొద్దున్నే చూశానండి. పదిలో మేత చూసే చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. తొమ్మిదిలో శుభ్రంగా తినేశాయి. పదిలోనే ఏదో తేడా ఉందనుకున్నాను. ఈలోగా మెసేజీ వచ్చిందండి, తొమ్మిదని. ఉషారాణి గారి పట్టిక కదండి, ఆవిడ తప్పు రాయరు కదా. నా కళ్లే తప్పేమోనని పదిలో ఏరియేటర్లు ఆపేసి తొమ్మిదికి వేశానండి."

ఉషారాణి గారు అక్కడే గట్టు మీద, ఆ తడి మట్టిలోనే కూర్చుండిపోయారు. భీమరాజు గారు తరవాత ఏదో అన్నారు గానీ ఆవిడకి వినబడిందో లేదో నాకు తెలియదు. చెప్పు లేని కాలు నీళ్లవైపు చాచి, రొయ్యలు దిగిపోయిన చోటే చూస్తూ ఉన్నారు. తన పట్టిక మీద వాళ్లకున్న నమ్మకం చూసుకుని ఇన్నేళ్లూ ఆవిడ మురిసిపోయారు. ఆ నమ్మకమే ఆ రోజు అతని కళ్లు మూసింది.

పదో చెరువులో పావు వంతు పోయింది, మిగతాది నిలబడింది. భీమరాజు గారు త్రిమూర్తులుని మాన్పించలేదు, మా ల్యాబునీ మాన్పించలేదు. మర్నాడు నేను ఉషారాణి గారి ఎదురుగా నిలబడి, ఆ గడి పీకెయ్యమన్నది నేనేనని రాజరత్నం గారితో చెప్పాను. "ఇద్దరూ పెద్దవాళ్లేగా, మీరే సరిదిద్దుకోండి" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆవిడ పట్టికలో వరస నంబరు లేదు. సీసా మీద నేను ఏం రాస్తే అదే మొదటి గడిలో ఉంటుంది. చివర మాత్రం కొత్తగా ఒక గడి చేర్చారు. వరస మళ్లీ మడతపడుతోంది, పడనివ్వండి అన్నారు. అందులో ల్యాబు అంకె ఏదీ ఉండదు. పొద్దున్నే ఆవిడే కాపలావాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నువ్వేం చూశావని అడిగి, వాళ్లు చెప్పిన మాట అక్కడ రాస్తారు. ఆ గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం పట్టికని బయటికి రానివ్వదు. అలా ఆవిడే రాసుకున్నారు.

మొదటిరోజు త్రిమూర్తులు ఫోన్లో తెగ మొహమాటపడ్డాడు. "నేను చెప్పడమేంటండి, మీకు తెలియనిదా" అన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే పట్టుకుని కూర్చున్నారు. చివరికి అతను చెప్పాడు, ఆవిడ టైపు చేశారు. పదో చెరువు, ట్రేలో మేత తిన్నాయి.